బాటలు – బస్తీలు: తొమ్మిదవ ప్రకరణము – రైలు కంపెనీ ఇండ్లస్థలములు అమ్మిన కాలము

లండను నగరమున బేస్‌వాటరు పేటలో లెన్‌స్టర్ గార్డెన్సు అను వీథి యొకటి గలదు. స్తంభములతో, వసారాలతో ఒకే తీరున వరుసదీరిన అచ్చటి తెల్లని మేడలలో 23, 24 నెంబరులు గల రెంటిని తేరిపార జూచిన బాటసారికి, వాని కిటికీలలో అద్దములకు బదులు రంగు పూసి యుండుటయు, తలుపులకు ఉత్తరములు వేయు కంతలు లేకుండుటయు గోచరించును. అవి ఇండ్లు కావు. సుమారు అయిదడుగుల మందముగల గోడను మేడ ముఖమువలె తీర్చిదిద్ది నిలిపినారు. దాని వెనుక గదులు లేవు, గచ్చు లేదు, కప్పు లేదు. క్రింద భూగర్భ రైలుమార్గము ఆకసమునకు తెరిచియున్నది. 1860 దశకపు చివర మెట్రోపాలిటను రైల్వే కంపెనీవారు తమ మార్గమును ఆ పేట మీదుగా పొడిగించినప్పుడు, ఆవిరి యంత్రములు సొరంగములో పట్టి యుంచుకొన్న పొగను వదలుటకు నడుమ నడుమ తెరపి కావలసి వచ్చెను. ఆ తెరపి కొరకు రెండు మేడలను కూల్చిరి. కాని సంపన్నులు కాపురముండు వీథిలో పంటి సందువలె అంత వెలితి కనబడినచో తక్కిన మేడల గౌరవమును, గౌరవముతోపాటు వెలయు తరిగిపోవును గనుక, కంపెనీవారే స్వంత ఖర్చున ఆ బూటకపు ముఖములను కట్టించి యిచ్చిరి.

రహదారులును, వంతెనలును, కాలువలును నేల వెలను ఎట్లు మార్చినవో గడచిన ప్రకరణములలో చూచితిమి. రైలుబండి విషయమున ఆ కథ మరింత చిక్కుపడినది. ఏలయన, రైలు ఒకచోట ఇంటి వెలను పెంచును, మరియొకచోట తెగగోయును, ఇంకొకచోట ఈ రెండు పనులను ఏకకాలముననే చేయును. ఆ పెంపు ఎవరి చేతికి చిక్కునన్నది మాత్రము పట్టాలు చూచి చెప్పదగినది కాదు. అది శాసనము మీద ఆధారపడియుండును. ఈ సంగతిని మెట్రోపాలిటను రైల్వే చరిత్ర తెలుపునంత విశదముగా మరియొక కంపెనీ చరిత్ర తెలుపదని నా అభిప్రాయము. అందుచేత ఈ ప్రకరణము నంతయు దానికే కేటాయించుచున్నాను.

ఆ కంపెనీకి మూలపురుషుడు చార్లెస్ పియర్సను. లండను నగరసంస్థకు న్యాయవాదిగా నుండిన యీ పెద్దమనిషి, మురికివాడల యిరుకుగదులలో క్రిక్కిరిసియున్న శ్రామికజనము నగరము వెలుపలి పచ్చని పల్లెలలో కాపురముండి, ఉదయము రైలెక్కి పనికి వచ్చి, సాయంకాలము ఇల్లు చేరవలెనని ఏండ్ల తరబడి వాదించెను. నగరసంస్థను ఒప్పించి రెండు లక్షల పౌన్ల వాటాధనము పెట్టించెను. 1863 జనవరి 10వ తేదీన, ప్రపంచమున మొట్టమొదటి భూగర్భ ప్రయాణికుల రైలు పాడింగ్టను నుండి ఫారింగ్డను వరకు నడిచినప్పుడు పియర్సను జీవించి లేడు. అంతకు నాలుగు మాసములకు పూర్వమే గతించెను. మొదటి యేడు దాదాపు 95 లక్షల ప్రయాణములు జరిగినవి.

పేదల మేలుకోరి పుట్టిన రైలు, పుట్టుచునే పేదల కొంపలను కూల్చినది. ఆ కాలపు పద్ధతి ప్రకారము వీథిని నిలువున త్రవ్వి, పట్టాలు పరచి, పైన కమాను కట్టి మరల పూడ్చెడివారు. ఫారింగ్డను వైపున ఫ్లీట్ లోయలో మార్గమునకు అడ్డువచ్చిన ఇండ్లు మిక్కిలి నిరుపేదలవి. 1853 తరువాత రైల్వే కంపెనీలు తమవలన నిరాశ్రయులగు శ్రామికుల లెక్కను పార్లమెంటుకు సమర్పింపవలసి యుండెను. మెట్రోపాలిటనువారు చూపిన లెక్క 307 మంది. ఆ ప్రాంతమున మతాచార్యుడుగా నుండిన విలియం డెంటను వేసిన అంచనా పండ్రెండు వేలమంది. ఈ రెండు సంఖ్యల నడుమనున్న అగాధమునకు కారణము కేవలము అబద్ధము కాదు. ఇంటి యజమానికి నష్టపరిహారము దక్కును; వారమునకొకసారి అద్దె చెల్లించు కిరాయిదారునకు దక్కదు. కంపెనీ వచ్చి లెక్క వ్రాయుటకు పూర్వమే యజమానులు కిరాయిదారులను ఖాళీచేయించినచో, లెక్కలో మనుష్యులు మిగులరు. ఇల్లు కోలుపోయినవారు దూరము పోలేక ప్రక్క సందులలోనే తల దాచుకొనిరి. గదులు తగ్గి, జనము తగ్గకపోవుటచే అచ్చట అద్దెలు పెరిగెను. రైలు దగ్గర నుండిన నేల వెల పెరుగునని మనము తేలికగా అనెడి మాటలో ఈ విధమైన పెరుగుదల కూడ ఇమిడియున్నదని మరువరాదు.

శ్రామికులకు చౌక టికెట్టు కావలెనన్న పియర్సను కోరిక మరియొక దిక్కున ఫలించెను. గ్రేట్ ఈస్టర్ను రైల్వేవారు నగర మధ్యమున లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషను కట్టుటకు అనుమతి కోరినప్పుడు, 1864 నాటి శాసనములో పార్లమెంటు ఒక షరతు పెట్టెను: ఎడ్మంటను, వాల్తమ్‌స్టో ప్రాంతముల నుండి వేకువజామున శ్రామికుల బండ్లు నడుపవలెను, రానుపోను టికెట్టు రెండు పెన్నీలకు మించరాదు. 1870 దశకమున ఈ బండ్లు నడుచుట మొదలైన పిదప ఆ మార్గము వెంట జరిగినది చూచి కంపెనీ వారే నివ్వెరపోయిరి. 1884లో శ్రామికుల గృహవసతిని విచారించిన రాజసంఘము ఎదుట, ఆ కంపెనీ జనరల్ మేనేజరు విలియం బర్ట్ సాక్ష్యమిచ్చుచు, స్టామ్‌ఫర్డ్ హిల్, టాటెన్‌హాం, ఎడ్మంటను అనునవి ఒకప్పుడు ఉద్యోగులును వర్తకులును సుఖముగా కాపురముండిన చక్కని పేటలనియు, శ్రామికుల బండి రాగానే చిన్నయిండ్లు కట్టువారు వచ్చి పడిరనియు, తోటలుగల మంచి యిండ్లు ఒకదాని వెంట నొకటి నేలమట్టమయినవనియు చెప్పెను. వేరువేరు పేటలకు చౌక టికెట్లు విస్తరింపరాదనుట ఆయన తాత్పర్యము. అంతకు ముందటి యేడే, అనగా 1883లో, చౌక బండ్ల శాసనము దేశమున కంతటికి వర్తించెను.

బర్ట్ సాక్ష్యమును చదివినవారు సాధారణముగా అచ్చట ఇండ్ల వెల పడిపోయెనని వ్రాయుదురు. నాకు అది అర్ధసత్యముగా దోచును. తోటనడుమ నున్న పెద్ద యిల్లు కొనువాడు లేక చౌకబడిన మాట నిజమే. కాని ఆ యిల్లు కూల్చి, ఆ తోటలోనే వరుసగా చిన్నయిండ్లు కట్టి వారపు అద్దెలకిచ్చినవాడు ఎకరమునకు గడించినది, పూర్వపు యజమాని యెన్నడును కలలో కూడ చూడనిది. ఇల్లు పడిపోయినది, ఎకరము లేచినది. ఒకే స్టేషను, ఒకే వీథి, ఒకే సంవత్సరము. కాబట్టి రైలువలన వెల పెరిగెనా తరిగెనా అని ఎవరైన అడిగినచో, ఇంటి మాటా, నేల మాటా అని ముందుగా తెలిసికొనుట మంచిది.

ఇక మెట్రోపాలిటను వైపు మరలుదము. 1872లో ఎడ్వర్డు వాట్కిన్ దాని అధ్యక్షుడయ్యెను. మాంచెస్టరులో బండి యెక్కినవాడు, సముద్రము క్రింది సొరంగము గుండా పోయి, పారిసులో దిగవలెనని కలగన్న మనిషి ఆయన. ఆ కల ఫలింపలేదు గాని, దాని కొరకై ఆయన మార్గమును లండను వాయవ్యమున పొలములలోనికి తరిమినాడు. 1880లో హారో, 1885లో పిన్నర్, 1887లో రిక్‌మన్స్‌వర్తు, 1892లో ఐల్స్‌బరీ. ఆనాడు అచ్చట గడ్డిభూములును, గుర్రముల మేతయు తప్ప ప్రయాణికులు లేరు. జనము లేనిచోట రైలు వేయుట వెఱ్ఱియని వాటాదారులు గొణిగిరి. వెంబ్లీలో ఈఫెల్ గోపురమును మించిన గోపురము నిలిపి జనమును రప్పింపవలెనని వాట్కిన్ తలచెను. ఆ పని చేపట్టుమని ఈఫెల్‌నే అడుగగా ఆయన ఒప్పుకొనలేదు. వేరొకరు ఆరంభించిన ఆ గోపురము నూటయేబదియైదు అడుగుల దగ్గర ఆగిపోయి, కొంతకాలము వినోదస్థానముగా నిలిచి, 1907 నాటికి నేల కూల్చబడెను. గోపురము కట్టుటకు పుట్టిన కంపెనీ అటుపై తన పేరు మార్చుకొని అదే నేలలో ఇండ్లస్థలములు అమ్మసాగెను. గోపురము నిలిచిన తావుననే తరువాత వెంబ్లీ స్టేడియము వెలసినది.

ఈ కంపెనీకి దక్కిన అసలు నిధి గోపురము కాదు, ఒక శాసనపు సందు. ఇంగ్లండున రైల్వేలు ప్రజల భూములను బలవంతముగా కొను హక్కును పార్లమెంటు నుండి పొందెడివి. ఆ హక్కు వర్తకమునకు దుర్వినియోగము కాకుండ 1845 నాటి భూసేకరణ శాసనము ఒక కట్టుబాటు చేసెను. మార్గమునకు పోగా మిగిలిన భూమిని నియతకాలములో, సాధారణముగా పదేండ్లలో, అమ్మివేయవలెను. పట్టణములలో తప్ప, మొదట పూర్వపు యజమానికే ఇవ్వజూపవలెను. అమ్మక ఉంచుకొన్నది ఇరుగుపొరుగు భూస్వాములకు సంక్రమించును. న్యాయమే యిది. కాని దీని ఫలితము విచిత్రము. ఏ కంపెనీ పట్టాలు పరచి, స్టేషను కట్టి, అప్పులు చేసి, ఒక పొలమును పదింతల వెలగల ఇండ్లస్థలముగా మార్చెనో, ఆ కంపెనీకి ఆ పెంపులో చిల్లిగవ్వయు దక్కదు. చేయి కదల్పక గట్టుమీద కూర్చున్న భూస్వామికి అంతయు దక్కును. తక్కిన కంపెనీలు ఈ కట్టుబాటునకు లోబడి, స్టేషను దగ్గర ఇల్లు కట్టుకొన్నవారికి సీజను టికెట్టు ఉచితముగా ఇచ్చి తృప్తిపడినవి. టికెట్టు డబ్బే వాటికి గతి.

మెట్రోపాలిటనువారు మాత్రము తమ కొరకు ప్రత్యేకముగా చేయించుకొన్న చట్టములలో మిగులుభూములను నిలుపుకొనుటకు, వాని మీద ఇండ్లు కట్టుకొనువారికి కౌలుకిచ్చుటకు అధికారము సంపాదించిరి. సొరంగము కొరకు నగర మధ్యమున కొన్న నేలలు మిక్కిలి విలువగలవనియు, తొందరపడి అమ్మినచో నష్టమనియు మొదట వారు చెప్పిన కారణము. ఆ అధికారము పొలములలోనికి కూడ వెంట వచ్చెను. 1887లో మిగులుభూముల సంఘమును ఏర్పరచి, విల్స్‌డెనులోను, పిన్నరు దగ్గర సెసిల్ పార్కులోను ఇండ్లు కట్టించిరి. ఎవరును ముక్కుమీద వేలు వేసికొనలేదు. అంత చిన్న వ్యవహారముగా అది మొదలయ్యెను.

1908లో జనరల్ మేనేజరుగా వచ్చిన రాబర్టు సెల్బీ దానిని మహావ్యవహారముగా మార్చెను. భూముల పనికి వేరే కంపెనీ కావలెనని ఆయన 1912లోనే సూచించెను, యుద్ధము అడ్డుపడెను. 1919లో మెట్రోపాలిటను రైల్వే కంట్రీ ఎస్టేట్సు అను కంపెనీ స్థాపితమయ్యెను. చట్టరీత్యా అది రైల్వేకు వేరు. ఆచరణలో సెల్బీ ఉభయత్ర కనబడును. యుద్ధమునుండి మరలివచ్చినవారికి ఇండ్లు లేవు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చిన్న ఉద్యోగులు అద్దెకొంపల నుండి తప్పించుకొని స్వంతయింటి కొరకు తహతహలాడుచుండిరి. అట్టి తరుణమున, 1915 నుండి 1932 వరకు ఏటేట వెలువడిన ‘మెట్రోలాండు’ అను రంగుల అట్ట పుస్తకము ప్రతి స్టేషనులోను దొరకెడిది. అందులో చెర్రీతోటల చిత్రములు, వనవిహారములకు దారులు, గ్రామదేవాలయముల వర్ణనలు, వాని ప్రక్కనే రైళ్ల వేళలు, టికెట్టు ధరలు, ఇండ్లు కట్టువారి ప్రకటనలు. కంపెనీ నేర్పు ఇందే కలదు. వట్టి ఇల్లు అమ్మినచో కొనువాడు వెల చూచును; వట్టి టికెట్టు అమ్మినచో దూరము చూచును. ఈ రెంటిని ఒకే పుస్తకమున కుట్టి యిచ్చినప్పుడు, బేకర్ స్ట్రీట్ చేరుటకు పట్టు నిమిషములే ఇంటి లక్షణములలో నొకటిగా పరిణమించెను. ఎన్ని గదులు, ఎంత పెరడు అని అడిగినట్లే ఎన్ని నిమిషములు అని అడుగుట అలవాటయ్యెను.

నేల మీద దీని ఫలితము ఎట్లుండెనో తెలియుటకు రేనర్స్ లేన్ అను చోటు చాలును. 1906లో అది పొలముల నడుమ ఒక చిన్న ఆగుడుస్థలము. 1929లో భూముల కంపెనీ అచ్చట 213 ఎకరములలో హారో గార్డెన్ విలేజి అను పేటకు పునాది వేసెను. 1930లో ఏడాదికి 22 వేలుగా నున్న ఆ స్టేషను ప్రయాణికుల సంఖ్య, 1937 నాటికి నలభై లక్షలకు చేరెను. 1932 జూనులో బ్యాంకు వడ్డీరేటు నూటికి రెండుకు దిగుటచే గృహనిర్మాణ సంఘములు చౌకగా అప్పులిచ్చినవి. కొద్దిపాటి బయానా చెల్లించి, మిగిలినది నెలనెలా కట్టుకొను గుమాస్తాకు ఆ కంతు పాత అద్దెకంటె మించి యుండలేదు. ఇందు రైలు పాత్ర యెంత, వడ్డీ పాత్ర యెంత అని త్రాసులో తూచుట కష్టము. కాని వడ్డీ దేశమంతట ఒకటే తగ్గినది. నలభై లక్షల ప్రయాణములు రేనర్స్ లేనుకే వచ్చినవి.

పట్టాలు వేసినంతమాత్రమున పంట పండునని సెల్బీ కూడ ఒకమారు పొరపడెను. 1925 నవంబరులో వాట్‌ఫర్డుకు శాఖామార్గము తెరచిరి. కాస్సియోబరీ ఉద్యానవనము గుండా మార్గము పోవుటకు పట్టణసభవారు అంగీకరింపకపోవుటచే, స్టేషను అంగడివీథికి చాలదూరముగా, ఉద్యానవనపు అంచుననే ఆగిపోయెను. ఊరిలోనుండి బయలుదేరు వేరొక కంపెనీ బండ్లు ఉండగా, నడిచి నడిచి ఇటు వచ్చువారెవరు? స్టేషను చుట్టుప్రక్కల ఇండ్లు లేచినవి గాని, కంపెనీ తలపోసిన రాబడి రాలేదు. కూతవేటు దూరమును కాలినడకన లెక్కింపవలెను గాని పటముమీద కాదు.

మొదట వచ్చి కొనుక్కున్నవారి స్థితి కొంచెము జాలిగొల్పునది. వారు వెలపెట్టి కొన్నది ఇంటితోపాటు కిటికీలోనుండి కనబడు పొలమును కూడ. పుస్తకములో చిత్రించినది ఆ పొలమునే. మూడేండ్లు గడచునప్పటికి ఆ పొలములో మరియొక వరుస యిండ్లు. వాని వెనుక మరియొక వరుస. రైలు తెచ్చిన విలువను రైలే తినివేయుటకు ఆరంభించెను. ఈ విస్తరణమునకు జడిసి 1938లో పార్లమెంటు లండను చుట్టును హరితవలయ శాసనము చేసినది. ఆ మీదట వలయపు అంచుననున్న యిండ్లకు, ఇక ఎన్నటికిని ఎదుట ఇల్లు లేవదను భరోసా దొరకి, వానికి కొత్త వెల వచ్చినది. 1973లో బెట్జమన్ కవి ఈ పేటలలో సంచరించి తీసిన బీబీసీ చలనచిత్రమును చూచినవారికి, అప్పటికే అవి పరిహాసమును, అనురాగమును కూడ సంపాదించుకొన్న ముసలి పేటలుగా కనబడును.

సెల్బీ 1930లో మరణించెను. 1933 జూలై 1వ తేదీన మెట్రోపాలిటను, తక్కిన భూగర్భ రైళ్లు, ట్రాములు, బస్సులు అన్నియు కలిసి లండను ప్రయాణిక రవాణా మండలి క్రిందికి వచ్చినవి. భూముల కంపెనీ మాత్రము ఆ మండలికి సంక్రమింపక, స్వతంత్రముగా మిగిలి, ఇండ్లు అమ్ముకొనుచునే యుండెను. పట్టాలు ప్రజలవయినవి, పట్టాల వలన వచ్చిన నేల విలువ ప్రైవేటుగానే నిలిచినది. ఆ సంవత్సరమే పికడిల్లీ మార్గము ఉత్తరమున కాక్‌ఫాస్టర్సు వరకు పోయెను. ప్రభుత్వపు సహాయముతో వేసిన ఆ మార్గము వెంట పెరిగిన వెల, అచ్చటి భూస్వాములకును, ఇండ్లు కట్టువారికిని చేరెను. ఈ అన్యాయమును సవరింపవలెనని 1947 నాటి పట్టణ గ్రామ ప్రణాళికా శాసనము, ఇండ్లు కట్టుటకు అనుమతి వచ్చినందున పెరిగిన విలువ నంతను, నూటికి నూరు పాళ్లు, ప్రభుత్వమునకు సుంకముగా చెల్లింపవలెనని విధించెను. నూటికి నూరు పోవునప్పుడు భూమి నమ్ముట కెవడు పూనుకొనును? అమ్మకములు మందగించినవి. 1953లో ఆ సుంకమును రద్దుచేసిరి. సగమైన వదలియున్నచో నిలిచి యుండెడిదేమోనని నాకు పలుమారులు దోచినది.

ఈ వ్యవహారమునకు మన వైపున ఒక కొనసాగింపు కలదు. 2008లో హైదరాబాదు మెట్రో కొరకు జరిగిన పోటీలో మేటాస్ నాయకత్వమునగల బృందము, ప్రభుత్వమునుండి సహాయధనము కోరుటకు బదులు, తామే ప్రభుత్వమునకు 30,311 కోట్ల రూపాయలు చెల్లింతుమని ముందుకు వచ్చెను. రైలు టికెట్ల మీద అంత రాబడి ఎక్కడిదని ఢిల్లీ మెట్రోను నిర్మించిన శ్రీధరను ప్రణాళికాసంఘమునకు లేఖ వ్రాసి, భూముల విషయమున అనుమానము వెలిబుచ్చగా రాష్ట్ర ప్రభుత్వము ఆగ్రహించెను. 2009 జూలైలో ఆ ఒప్పందము రద్దయ్యెను. మరుసటి యేడు ఎల్ అండ్ టీ వారితో కొత్త ఒప్పందము కుదిరినది. అందులో కేంద్రము నుండి 1,458 కోట్ల సహాయధనముతోపాటు, స్టేషనుల దగ్గర, డిపోల దగ్గర 269 ఎకరములను వర్తకమునకు వినియోగించుకొను హక్కు కూడ చేరియుండెను. మియాపూరు నుండి నాగోలు వరకు మొదటి బండి 2017 నవంబరులో నడిచెను. ఆ 269 ఎకరముల కథయు, మార్గము ప్రక్కన కోఠీ, అమీరుపేటలలోని పాత యిండ్ల కథయు వచ్చు ప్రకరణమున చూతము.